లండను నగరమునందలి నిశ్శబ్దస్థలములు

లండను నగరమును జూడఁబోవువారు సామాన్యముగా దర్శించు స్థలములు పదియో పదునైదో కలవు. టవరు కోట, సెయింటు పాలు దేవాలయము, వెస్టుమినిస్టరు ఆబీ, బ్రిటిషు మ్యూజియము మొదలగునవి వానిలో ముఖ్యములు. మ్యూజియమునందలి అమరావతీ శిలాఫలకములను జూడక మరలుట ఆంధ్రులకు లోపముగాఁ దోఁచును. ఈ స్థలములన్నియు జనసమ్మర్దముతో నిండియుండును. అయినను వీనిలోఁ గొన్నింటికిఁ గూఁతవేటు దూరముననే, పేరు తెలియని సందుల చివర, నాలుగైదు వృక్షములును, కూర్చుండుటకు బల్లలును, గోడల కానించి నిలిపిన పాత శిలలును గల చిన్నచిన్న తోఁటలు కలవు. మధ్యాహ్నవేళ సమీపపు కచేరీలలోని గుమాస్తాలు భోజనపు పొట్లములతో వచ్చి యర్ధగంట కూర్చుండి పోవుదురు. తక్కిన వేళలందు పక్షుల కూఁతలు వినవచ్చును.

ఈ తోఁటలను ఏ రాజును నాటింపలేదు. వీనిలోఁ బెక్కింటిని ఏ శిల్పియు ముందుగా సంకల్పించి నిర్మింపలేదు. ఇవి మిగిలిపోయిన నేలలు. ప్రపంచమున మిక్కిలి వెలగల భూములలో నొకటియైన ఆ నగరగర్భమునఁ గొంత నేల యేల రిక్తముగా మిగిలినది? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకఁబోయినచో, అది 1666వ సంవత్సరపు అగ్నిప్రమాదమునకును, శవములతో నిండి వీథికంటె నెత్తుగాఁ బెరిగిన శ్మశానములకును, కడపట 1884వ సంవత్సరపు శాసనమున కొకదానికిని దారి చూపును. ఆ దారియే తెలుఁగు పండితులు మఱవఁగూడని యొక సమాధియొద్దకుఁ గూడఁ గొనిపోవును.

లండను అను పేరునకు రెండర్థములు కలవు. నేఁడు ఆ పేరు లక్షల జనులు నివసించు విశాలమైన మహానగరమునకుఁ జెల్లుచున్నది. దాని నడుమ, రోమకులు ప్రాకారము గట్టిన ప్రాచీనపట్టణము మాత్రము "సిటీ" యని వ్యవహరింపఁబడును. దాని వైశాల్యము ఒక చదరపు మైలునకుఁ గొంచెము పైన. ఇంత చిన్న నేలలో 1666వ సంవత్సరమునకుఁ బూర్వము నూఱింటికిఁ బైగా పారిషు చర్చిలుండెను. పారిషు అనఁగా ఒక చర్చికిఁ జెందిన పేట. ప్రతి పేటకును దన చర్చి, ప్రతి చర్చికిని దన శ్మశానము. ఆ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీ యాదివారము తెల్లవారకముందే, పుడ్డింగు లేను అను సందులో టామసు ఫారినరు అను రొట్టెలవాని యింట నిప్పంటుకొని, తూర్పుగాలితోఁ బడమటికి వ్యాపించి, నాలుగు దినములు మండెను. పదుమూఁడు వేలకుఁ బైగా నిండ్లును, 87 పారిషు చర్చిలును భస్మమయ్యెను. క్రిస్టఫరు రెన్ అను శిల్పి యాధిపత్యమున 51 చర్చిలు మరల లేచినవి. తక్కిన పేటలు పొరుగు పేటలతోఁ గలుపఁబడినవి. చర్చి పోయినను ఆ పేటలోని జనులు చచ్చుట మానలేదు గదా! కావున కట్టడము లేని ఆ చోటులు శ్మశానములుగా మిగిలి, భవనములకు లోఁబడక తప్పించుకొనెను. నేఁటి తోఁటలలోఁ గొన్నింటి పుట్టుక యిట్టిది. మఱికొన్నింటికిఁ గారణము రెండవ అగ్ని. అనఁగా 1940, 1941 సంవత్సరములలో జర్మనుల విమానములు కురిపించిన బాంబులు.

ఈ రెండగ్నులను జూచినది టవరుకోటకుఁ బడమరగా, థేమ్సు నదికి సమీపమున వాలువీథిలో నున్న సెయింటు డన్‌స్టను చర్చి. పేరు పంచుకొన్న మఱియొక చర్చినుండి వేఱుపఱచుటకై దీనిని "తూర్పునందలి" డన్‌స్టనని యందురు. 1666లో నిది మిక్కిలి చెడెను. రెన్ శిల్పి 1695 మొదలు 1701 వఱకు దీనికి గోపురమును నిర్మించెను. ఆ గోపురపు శిఖరము నాలుగు వంపుకమ్ములవంటి రాతిబాహువులమీఁద సూదివలె నిలిచియున్నది. క్రింద నాధారమేమియు లేనట్లు చూపఱకుఁ దోఁచును. 1703లో మహావాతము వీచినపుడు నగరమునందలి శిఖరములన్నియు దెబ్బతిన్నవని యెవరో చెప్పఁగా, డన్‌స్టను శిఖరము మాత్రము చెడియుండదని రెన్ పలికెనని యొక యైతిహ్యము కలదు. ఐతిహ్యమెట్టిదైనను శిఖరము నిలిచినమాట సత్యము. దాని ప్రక్కనున్న చర్చిభాగము జీర్ణింపఁగా 1817–1821 నడుమఁ బునర్నిర్మించిరి. ఆ నూతనభాగము 1941లో బాంబులచేఁ గూలెను; రెన్ గోపురము మరల నిలిచెను. మఱల కట్టుటకు ధనమును, ఆవశ్యకతయు లేకపోవుటచే, 1967లో నగరపాలకులు ఆ శిథిలమును దోఁటగా మార్ప నిశ్చయించిరి. నేఁ డచ్చట పైకప్పు లేని గోడలు, అద్దములు లేని కిటికీలు, ఆ కిటికీల రాతిచట్రములలోనుండి లోనికిఁ బాఁకిన తీఁగెలు, పూర్వము జనులు మోఁకరిల్లిన చోట ఒక చిన్న నీటిబుగ్గ కనఁబడును. శిథిలమును శిథిలముగనే కాపాడుట యొక నేర్పు. సున్నము పూసి క్రొత్తది చేయు నాత్రము గలవా రీ చోటు నొకసారి చూడఁదగును.

డన్‌స్టను తోఁటకు నుత్తరముగాఁ గొంచెము దూరమున హార్టు వీథిలో సెయింటు ఓలేవు చర్చి కలదు. 1666 నాటి యగ్ని దీనిని సమీపించి యంటకయే మరలెను. దీని శ్మశానద్వారముపై 1658వ సంవత్సరపు రాతిపుఱ్ఱెలు చెక్కఁబడియున్నవి. చార్లెసు డికెన్సు వానిని జూచి యీ చర్చికొక భయంకరమైన పరిహాసనామము నొసఁగెను. లోపలి నేల వీథికంటె నెత్తుగా నుండుట గమనింపఁదగినది. కారణము చెప్ప నక్కఱలేదు. సామ్యూలు పెపీసు అను నౌకాశాఖాధికారి యిచ్చట 1703లో, తనకుఁ బూర్వమే 1669లో మరణించిన భార్య చెంత సమాధి చేయఁబడెను. ఇతఁడు 1660 మొదలు 1669 వఱకు సంకేతలిపిలో వ్రాసిన దినచర్య, నూటయేఁబది సంవత్సరములు చదువువారు లేక గ్రంథాలయమునఁ బడియుండి, పిమ్మట సామాన్యలిపిలోనికి మార్పఁబడి 1825లో ముద్రితమయ్యెను. మహాగ్నిని గూర్చి నేఁడు చరిత్రకారులు చెప్పు విషయములలోఁ జాలభాగ మాతని కన్నులతోఁ జూచినదే.

ఇచ్చటినుండి పడమరగా నడచి, గిల్డుహాలు సభాభవనమును దాఁటినచో, సాహిత్యపరులు మిక్కిలి శ్రద్ధతోఁ జూడవలసిన చోటు వచ్చును. ఆల్డర్మన్‌బరీలోని సెయింటు మేరీ చర్చి యిచ్చట నుండెను. ఇప్పుడు చర్చి లేదు. నేలమీఁద గోడల యడుగుభాగములును, స్తంభముల మొదళ్లును మాత్రము కలవు. వానినిబట్టి కట్టడపు కొలఁదులను గ్రహింపవచ్చును. 1666లో నీ చర్చి కాలెను. రెన్ మరలఁ గట్టెను. 1940 డిసెంబరు 29వ తేదీ రాత్రి మరలఁ గాలెను. 1960 తరువాతి సంవత్సరములలో దీని రాళ్లకు గుఱుతులు వేసి యోడలమీఁద నమెరికాకుఁ జేర్చి, మిస్సోరీ రాష్ట్రములోని ఫుల్టను పట్టణమున మరల జోడించిరి. ఆ పట్టణపు కళాశాలలోనే 1946లోఁ జర్చిలు ఐరోపాను రెండుగాఁ జీల్చిన యినుపతెరను గూర్చి ప్రసంగించెను. అతని స్మారకముగా నా చర్చి యచ్చట నిలిచినది. ఒక దేవాలయము తన శ్మశానమును స్వదేశమున విడిచి సముద్రము దాఁటుట వింతలలోకెల్ల వింత.

అయితే యీ తోఁటకు వచ్చు సాహిత్యపరులు చూడవలసినది యిదికాదు. దీని నడుమ 1896లో నెత్తిన ఎఱ్ఱరాతి స్తంభ మొకటి కలదు. దానిపై షేక్స్‌పియరు శిరస్సు. దూరమునుండి చూచినవా రిది షేక్స్‌పియరు స్మారకమని భ్రమింతురు. చదివినచో నట్లు కాదు. అది జాను హెమింజెసు, హెన్రీ కాండెలు అను నిరువురు నటుల స్మారకము. వీ రిరువురును షేక్స్‌పియరుతోఁ గలసి యొక నాటకసమాజమున నాడినవారు. ఈ పేటలోనే సంసారములు చేసి, ఈ చర్చికి ధర్మకర్తలుగా నుండి, కాండెలు 1627లోను, హెమింజెసు 1630లోను నిచ్చటనే భూస్థాపితులైరి. 1616లో మరణించిన షేక్స్‌పియరు తన మరణశాసనమున వీరికిని, రిచర్డు బర్బేజి అను మఱియొక నటునకును, స్మరణార్థముగా నుంగరములు కొనుక్కొనుటకుఁ గొలఁది ధనమును వ్రాసెను. తన నాటకముల వ్రాఁతప్రతులను గూర్చి యందొక్క మాటయైన లేదు.

ఆ ప్రతులేమయ్యెడివో యూహించుట కష్టము కాదు. ఆ కాలమున నాటకము సమాజమువారి యాస్తి. ఆడుట మానినపిదపఁ గాగితము చిత్తు. హెమింజెసు, కాండెలులు ఏడేండ్లు గడచిన పిదప 1623లో 36 నాటకములను సమకూర్చి పెద్ద సంపుటముగా వెలువరించిరి. వీనిలో దాదాపు సగము, అనఁగా 18 నాటకములు, అంతకుఁ బూర్వ మచ్చెక్కినవి కావు. మాక్బెతు, టెంపెస్టు, జూలియసు సీజరు మొదలైనవి యాకోవలోనివి. ఈ యిద్దఱు నటులు పూనుకొనకున్నచో నేఁటి కళాశాలలలోఁ బాఠ్యములైన యీ నాటకముల పేళ్లైన మిగులునో లేదో. వీరు పండితులు కారు. పాఠభేదవిచారమున వీరు చేసిన తప్పులను నాలుగు శతాబ్దులనుండి పండితులు దిద్దుచునే యున్నారు. దిద్దుటకు గ్రంథమున్నది గనుకనే దిద్దఁగలుగుచున్నారు. తెలుఁగునాఁటను చెదలబారినుండి తాళపత్రములను దప్పించి యచ్చువేయించినవారి పేళ్లు ముఖపత్రముపై జిన్న యక్షరములలోనే యుండుట పాఠకు లెఱిఁగినదే. వారికి రాతిస్తంభము లెత్తినవారు మాత్ర మరుదు.

ఆల్డర్మన్‌బరీకి నైఋతిగా సెయింటు పాలు దేవాలయమునకు సమీపముననున్న గ్రేఫ్రయర్సు చర్చిశిథిలము కూడ 1940 డిసెంబరు 29నాఁటిదే. భక్తులు కూర్చుండు బల్లల వరుసలున్న చోట నిప్పుడు గులాబిపాదులు వేసినారు. అంతకుఁ గొంచె ముత్తరమున 1880లో తెఱవఁబడిన "పోస్టుమన్సు పార్కు" ఉన్నది. మూఁడు పేటల శ్మశానములు కలసి యేర్పడిన తోఁట యిది. ప్రక్కనుండిన పెద్ద తపాలా కచేరీలోని బంట్రోతు లిచ్చట విశ్రమించుటచే దీనికాపేరు వచ్చెను. జార్జి ఫ్రెడరిక్ వాట్సు అను చిత్రకారుఁడు, పరులను రక్షింపఁబోయి ప్రాణములు విడిచిన సామాన్యజనులకు స్మారకము కావలెనని 1887లో టైంసు పత్రికకు వ్రాసెను. పాలకులనుండి ప్రత్యుత్తరము లేకపోఁగా, తానే పూని 1900లో నీ తోఁటలో నొక చావడిని గట్టించి, పింగాణిపలకలపై వారి పేళ్లను, వారు చేసిన కార్యములను వ్రాయించెను. 1885లో నిల్లంటుకొనఁగా మూఁడు పసిబిడ్డలను గిటికీనుండి పఱుపుమీఁదికి జాఱవిడిచి, కడపటఁ దాను పడి మరణించిన ఆలిసు అయర్సు అను పనికత్తె పేరు వానిలో నొకటి. 120 పలకలకుఁ జోటున్నను నిండినవి సగముకంటెఁ దక్కువ. కడపటి పలక 2009లోఁ జేరినది. సేనాపతుల విగ్రహములతో నిండిన నగరమున నీ చావడి భిన్నముగా నున్నది.

ఇంతవఱకుఁ జెప్పిన శ్మశానములు తోఁటలగుటకు ముందు వాని స్థితి దుర్భరముగా నుండెను. పందొమ్మిదవ శతాబ్దమున లండను జనసంఖ్య విపరీతముగాఁ బెరిగెను. పాతిపెట్టు నేల మాత్రము మధ్యయుగములలో నున్నంతయే. ఒక గోతిపై నొక గోయి త్రవ్వుచుఁ బోవుటచే నేల యెత్తు పెరిగెను; పాత యస్థులను బెకలించి క్రొత్త శవములకుఁ జోటు చేయుచుండిరి. 1839లో జార్జి ఆల్ఫ్రెడు వాకరు అను శస్త్రవైద్యుఁ డీ దుస్థితిని బేటబేటకు వర్ణించి యొక గ్రంథమును బ్రకటించెను. 1848, 1849 సంవత్సరములలోఁ గలరా చెలరేఁగెను. పిదప 1852లో పార్లమెంటు శాసనము చేసి, నగరగర్భమునందలి శ్మశానములను మూయించు నధికారమును బ్రభుత్వమున కొసఁగెను. వెంటవెంటనే గేట్లకుఁ దాళములు పడెను.

అట్లు మూయఁబడినవానిలో 1854లో మూయఁబడిన బన్‌హిల్ ఫీల్డ్సు ప్రముఖము. సిటీ ప్రాకారమున కుత్తరమున నాలుగెకరముల నేల. బన్‌హిల్ అనునది "ఎముకలదిబ్బ" యను నర్థముగల మాటకు వికృతి. 1549లో సెయింటు పాలు దేవాలయపు టస్థిగృహమును ఖాళీచేసి, వేయిబండ్లకుఁ బైగా నెముకల నీ ప్రాంతమునఁ బోసిరి. 1665లోఁ బ్లేగు చెలరేఁగినపుడు దీనిని శ్మశానముగా నేర్పఱచిరి. బిషప్పు వచ్చి సంస్కారము చేసి పవిత్రము చేసిన నేల కాదిది. ఆ లోపమే దీనికి గుణమైనది. ప్రభుత్వమతమైన ఆంగ్లికను సంప్రదాయమునకు లోఁబడని క్రైస్తవులు, ఆ మతపు ప్రార్థనలు తమ శవములపైఁ జదువఁబడ నొల్లనివారు, ఇచ్చటికి వచ్చిరి. దాదాపు రెండువందల యేండ్లలో 1,23,000 మంది! యాత్రికుని ప్రయాణమును వ్రాసి చెఱసాలయనుభవించిన జాను బన్యను, రాబిన్సను క్రూసోను వ్రాసిన డేనియలు డీఫో, కవియుఁ జిత్రకారుఁడునగు విలియము బ్లేకు, సంభావ్యతాగణితమునఁ దన పేరిట సూత్రముగల టామసు బేయ్సు వీరిలోనివారు. ఒక రాజ్యపు సాహిత్యచరిత్రలోఁ బెద్ద యధ్యాయ మా రాజ్యపు మతము వెలివేసినవారి శ్మశానమున నున్నది.

డీఫో సమాధిపై నొక చిన్నఱాయి మాత్ర ముండఁగా, 1870లో నొక పత్రిక క్రూసోను జదివిన బాలబాలికలను జందాలడిగెను. దాదాపు 1,700 మంది యిచ్చిన ధనముతో నేఁడున్న రాతిస్తంభము లేచెను. బ్లేకు కథ వేఱు. 1827లో నతని శవమును బీదలతోఁగూడ నొకే గోతిలోఁ బూడ్చిరి. పైన ఱాయి లేదు. శతవార్షికోత్సవమున 1927లో, ఈ సమీపమున నతఁడున్నాఁడని తెలుపు శిలను నిలిపిరి. రెండవ ప్రపంచయుద్ధమున నీ శ్మశానమునను బాంబులు పడెను. 1960 తరువాత నొకభాగమును జదునుచేసి పచ్చికనేలగా మార్చినపుడు ఆ శిలయుఁ దన చోటునుండి కదల్పఁబడెను. "సమీపమున" అను మాటకుఁ గూడ నర్థము పోయెను. అయితే బన్‌హిల్ అధికారులు గోతుల స్థానములను నిలువు, అడ్డము సంఖ్యలతో దస్తరములలో వ్రాసియుంచిరి. ఆ సంఖ్యలను బట్టి బ్లేకు నభిమానించు నిరువురు పలుసంవత్సరములు కొలిచి స్థానమును నిర్ణయింపఁగా, 2018 ఆగష్టు 12వ తేదీ, అతఁడు మరణించిన 191 సంవత్సరములకు, సరియైన చోట శిల వేసిరి. శిల తప్పుచోటికిఁ బోవచ్చును. దస్తరము నిజము చెప్పెను.

మూఁతవడిన శ్మశానములన్నింటికి నింత యదృష్టము పట్టలేదు. తాళము వేసిన నేలపై భవనములు గట్టి లాభము నొందఁగోరువారును, రైలుదారులు వేయువారును గాచుకొనియుండిరి. బన్‌హిల్‌ను 1867లోఁ బ్రత్యేకశాసనము కాపాడెను. ఇరుకిండ్లలో నివసించు బీదలకు నీ నేలలు ఆకాశము క్రింద కూర్చుండు గదులు కావలెనని ఆక్టేవియా హిల్లు అను స్త్రీ యుద్యమించెను. 1882లో నొక తోఁటలసంఘ మేర్పడెను. 1884లో, మూయఁబడిన శ్మశానములపై, చర్చిని విస్తరింపఁజేయుటకుఁ దప్ప, నే కట్టడమును లేపరాదని పార్లమెంటు శాసించెను. నేఁడు సిటీలోని నిశ్శబ్దస్థలములలోఁ బెక్కింటి కీ శాసనమే కంచె.

శాసనము వచ్చినను, ఏయే చోట శ్మశానములుండెనో తెలియవలదా? ఆ పని పూనినది ఇసబెల్లా హోమ్సు అను నామె. ఆమె జాను రాకు 1746లోఁ బ్రకటించిన నగరపటమును దనకాలపు పటముతోఁ బోల్చి, మొదటిదాన నుండి రెండవదాన లేని శ్మశానములను గుర్తించి, ఒక్కొక్కచోటికి స్వయముగాఁ బోయి చూచెను. కొన్నిచోట్ల బండ్లశాలలు, కొన్నిచోట్లఁ గట్టెల అడితులు, కొన్నిచోట్ల నిండ్ల పెరళ్లు. ఆ వివరములను 1896లో గ్రంథముగాఁ బ్రకటించెను. శాసనపరిశోధకులు గ్రామగ్రామము తిరిగి చేయు పనికి దీనికిని భేదము లేదు.

సిటీనుండి వాయవ్యమునఁగల పాత సెయింటు పాంక్రాసు చర్చితోఁట, నేఁటి బ్రిటిషు లైబ్రరీకి మిక్కిలి సమీపమున నున్నది. ఇండియా ఆఫీసు దస్తరములు చదువుటకు ఆ లైబ్రరీకిఁ బోవు భారతీయవిద్యార్థులు విరామవేళ నిచ్చటికి నడచిపోవచ్చును. 1860 తరువాత రైలుదారికై దీనిలోఁ గొంతభాగమును ద్రవ్విరి. శవములను దరలించు పనిని బర్యవేక్షించిన వారిలో, తరువాత నవలాకారుఁడుగాఁ బేరొందిన టామసు హార్డీ యొకఁడు. అపు డతఁడు శిల్పశాస్త్రము నేర్చు యువకుఁడు. పెకలించిన సమాధిశిలలను బ్రక్కప్రక్కన వలయముగాఁ బేర్చియుండఁగా వాని నడుమ నొక వృక్షము పెరిగి, వేళ్లతో శిలలను గౌఁగిలించుకొనెను. అది "హార్డీ వృక్ష"మని ప్రసిద్ధి కెక్కి 2022 డిసెంబరులోఁ గూలెను. అయితే 1926 నాఁటి ఛాయాచిత్రమున శిలల కుప్ప కనఁబడుచున్నది గాని వృక్షము కనఁబడదు! హార్డీ శ్మశానమునఁ బనిచేయుట సత్యము. ఆ శిలలను బేర్చినది యతఁడేయనుట, వృక్ష మాతని కాలమునాఁటిదనుట జనశ్రుతి. లండను పుస్తకములు పెక్కింటి నీ జనశ్రుతి చరిత్రగా నాక్రమించినది. జాగ్రత్త వలసిన చోటిది.

నగరమధ్యమున శ్మశానములు మూఁతపడఁగాఁ జనులు మృతుల నెచ్చటికిఁ గొనిపోయిరి? నగరమునకు వెలుపలఁ బొలములలో నెలకొల్పఁబడిన విశాలమైన క్రొత్త శ్మశానములకు. వానిలో మొదటిది పడమటి లండనులోని కెన్సల్ గ్రీన్. పారిసు నగరపుఁ బెరె లషేజ్ అను శ్మశానవనమును జూచి ముచ్చటపడినవారు 1832లోఁ బార్లమెంటు ననుమతిఁ బొంది, 1833 జనవరిలో దీనిని దెఱచిరి. నేఁడిది 72 ఎకరములు. దక్షిణమున నొక పడవలకాలువ దీని గోడనొరసి పాఱుచున్నది. మూఁడవ జార్జి కుమారుఁడు సస్సెక్సు ప్రభువు 1843లో నిచ్చట సమాధి పొందినపిదప ధనవంతులు దీనికై పోటీపడిరి. ద్వారకానాథ టాగూరు 1846లో లండనులో మరణించి యిచ్చటనే యున్నాఁడు. కలకత్తాలోఁ బుట్టిన నవలాకారుఁడు థాకరే 1863లో వచ్చెను. కలకత్తాలోనే 1798 నవంబరు 10వ తేదీఁ బుట్టిన మఱియొకఁడు 1884 డిసెంబరులో వచ్చెను. అతఁడు చార్లెసు ఫిలిప్ బ్రౌను.

బ్రౌను తెలుఁగునకుఁ జేసిన యుపకారమును బరిషత్సభల పాఠకులకు విస్తరించి చెప్పుట యనావశ్యకము. 1820లోఁ గడపకు వచ్చి, అచ్చటఁ దన స్వంతధనముతోఁ బండితులను బోషించి, శిథిలమగుచున్న తాళపత్రప్రతులను దెప్పించి ప్రత్యంతరములు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో నింగ్లీషు భాషాంతరముతో వెలువరించెను. మనుచరిత్ర వసుచరిత్రములకు జూలూరి అప్పయ్యచే వ్యాఖ్యానములు వ్రాయించెను. 1840లో వ్యాకరణమును, 1852లోఁ దెలుఁగు–ఇంగ్లీషు నిఘంటువును బ్రకటించెను. వ్యాకరణమున నతని సిద్ధాంతముల నొప్పనివారు కలరు. ఛందోవిషయమున నతని మాటలు తడఁబడిన చోట్లును గలవు. హెమింజెసు కాండెలులను గూర్చి చెప్పిన మాట యిచ్చటను జెల్లును. 

లండనుతో బ్రౌనునకు నిది మొదటి పరిచయము కాదు. 1834–1838 ప్రాంతమున సెలవులో నీ నగరమున నుండి, సిటీలోని లెడన్‌హాలు వీథిలో నున్న ఈస్టిండియా హౌసు గ్రంథాలయమున ధూళిలోఁ బడియున్న దక్షిణదేశపు వ్రాఁతప్రతులను గుర్తించి, అవి పుట్టిన దేశమునఁ జదువువారికి నక్కఱకు వచ్చునని వాదించి మదరాసునకుఁ బంపించెను. ఆ భవనము 1861 ప్రాంతమునఁ గూల్పఁబడినది. ఆ చోట నేఁడు లాయిడ్సు భీమాసంస్థవారి లోహభవన మున్నది. పైన వర్ణించిన సెయింటు ఓలేవు శ్మశానమునుండి యచ్చటికిఁ బది నిమిషముల నడక. బ్రౌను ఉద్యోగము చాలించి లండను చేరినపిదపఁ దెలుఁగును వదలలేదు; 1865 మొదలు కొంతకాలము విశ్వవిద్యాలయమునఁ దెలుఁగాచార్యుఁడుగా నుండెను. 1884 డిసెంబరు 12వ తేదీ కిల్డేరు గార్డెన్సులోని తన యింట నవివాహితుఁడుగనే మరణించెను.

ఆ సంవత్సరముననే పాత శ్మశానములపైఁ గట్టడములను నిషేధించు శాసనము వచ్చినది. కెన్సల్ గ్రీను కా శాసనముతోఁ బనిలేదు. అది మూయఁబడలేదు, నేఁటికిని శవములను స్వీకరించుచునే యున్నది. దానికిఁ గలిగిన ప్రమాదము వేఱు. సంతతిలేనివారి శిలలపైఁ దీఁగెలు ప్రాఁకి, వర్షమునకు నక్షరము లరిగిపోవుచున్నవి. బ్రౌనునకు సంతతి లేదు. కడపలో నతఁడు పండితులతోఁ గూర్చుండి పనిచేసిన చోట నేఁ డతని పేరిట గ్రంథాలయమును, భాషాపరిశోధన కేంద్రమును గలవు. లండనుకు వచ్చు తెలుఁగువారిలోఁ గొంద ఱతని సమాధిని వెదకికొని పోవుచున్నారు.

కిల్డేరు గార్డెన్సు అనునది నడుమఁ జిన్నతోఁటగల యిండ్లవరుస. అదియు నిశ్శబ్దమైన చోటే. అచ్చటినుండి కెన్సల్ గ్రీనునకు మైలున్నర నడక. కొంతదూర ముత్తరమునకుఁ బోయి కాలువగట్టును బట్టి పడమరగా నడచినచో నెడమప్రక్క నీళ్లును, పిదపఁ గుడిప్రక్క శ్మశానపు పొడవైన గోడయుఁ గనఁబడును. ప్రధానద్వారము మాత్రము అవతలిదిక్కున హారో రోడ్డుమీఁద నున్నది. లోనికిఁ బోవుటకు ముందు కచేరీలో సమాధిసంఖ్య నడిగి తెలిసికొనుట మంచిది. అది లేక వెదకఁబూనినవారికి 72 ఎకరములలో నొకపూఁట చాలదు.